మధ్య పుల్ల

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. రెండు పెన్సిళ్లూ సమానమేనన్న పాప, ఒకదాన్ని కాస్త జరిపేసరికి అదే పొడుగని మాట మార్చేస్తోందని బెంగపడ్డావు. ఆ వయసు పిల్లలు చాలామంది అంతేరా. పిల్లల ఆలోచన మీద పరిశోధన చేసిన పియాజే ఎప్పుడో గమనించాడు: సమానమైన రెండు పుల్లల్లో ఒకదాన్ని ముందుకు జరిపితే, ముందుకొచ్చిందే పొడుగంటారు. కొస చూస్తారు, మొదలు చూడరు.

అందుకే ముందు మొదళ్లు కలపడం అలవాటు చెయ్యి. చెప్పి కాదు, చేయించి. పుల్లల్ని బల్లమీద నిలబెట్టి పట్టుకోమను, అడుగున బల్లే ఉంది కాబట్టి మొదళ్లు వాటంతటవే కలుస్తాయి. రంగూ లావూ ఒకేలా ఉన్నవి ఇవ్వు, లేకపోతే లావుదాన్నే ఎంచుకుంటుంది. 'పెద్దది, చిన్నది' అనకు. పొడుగు, పొట్టి అనే అను.

అసలు చిక్కు మూడో పుల్లతో వస్తుంది. మొన్న తరగతిలో ఒక బుడ్డోడు మధ్య పుల్ల పట్టుకుని, "ఇందాక పొడుగన్నావుగా టీచర్, ఇప్పుడు పొట్టంటావేంటి?" అని నిలదీశాడు. కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. వాడు తప్పు మాట్లాడలేదురా! పొడుగనేది పుల్లకి అంటుకున్న రంగులాంటిది అనుకున్నాడంతే. నేనేం వివరించలేదు. పొట్టిదాని పక్కన పెట్టించాను, తీసి పొడుగుదాని పక్కన పెట్టించాను. నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పి, "దీనికంటే పొడుగు... దానికంటే పొట్టి" అని మెల్లగా గొణిగాడు. 'కంటే' అన్న ఆ మాట వాడి నోట రావడానికే నేను వారం రోజులు కాచుకున్నాను.

ఆ మాట వచ్చాకే ఐదారు పుల్లలు ఇచ్చి, పొట్టి నుంచి పొడుగు దాకా వరుసగా పేర్చమను. పైకొసల్ని మెట్లలా పేర్చి అడుగు వదిలేస్తుంది చూడు, వెంటనే దిద్దకు. మిగిలినవాటిలో అన్నిటికంటే పొట్టిది వెతికి తీయడం, మళ్లీ వెతకడం, ఆ పద్ధతి ఏడేళ్ల దగ్గర గానీ కుదురుకోదు. మాంటిస్సోరి బడుల్లో పొడవు పోల్చడానికి వాడే ఎర్ర కర్రలు దొరికితే మరీ మంచిది. మొత్తం 10, పది సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. వరుస సరిగ్గా ఉంటే ఏ రెండు పక్క కర్రల తేడాలోనైనా అన్నిటికంటే చిన్న కర్ర అతికినట్టు సరిపోతుంది. తప్పు ఎక్కడుందో పిల్లలకి కర్రే చెబుతుంది, మనం నోరు విప్పక్కర్లేదు.

తలుపునీ మంచాన్నీ పక్కపక్కన పెట్టలేం కదా, దానికి తాడు కావాలి. అది తర్వాత రాస్తాను. ముందు మూడు పుల్లలతో కూర్చో. మధ్యదాన్ని చూసి పాప ఏమందో, ఆ మాట ఉన్నదున్నట్టు నాకు రాయి.

నీ
నేస్తం