ఆదివారం బొమ్మలు పూర్తి చేద్దాం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 నుంచి 1 వరకు కలుస్తున్నాం. సగంలో ఆగిన చెక్క బొమ్మలన్నీ తీసుకురండి.

కళ్ళు ఆనడం లేదని కొందరు పని ఆపేశారని తెలిసి బాధేసింది. 40 దాటాక కంటిలోని కటకం బిగుసుకుని దగ్గరి చూపు తగ్గడం అందరికీ జరిగేదే. నా ముసలి నావికుడి బొమ్మ మొన్ననే పూర్తయింది, కనురెప్పలతో సహా!

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది వెలుతురు. దీపం నెత్తిమీద కాకుండా పక్క నుంచి పడితే కత్తి గాట్ల నీడలు తేలి, ఎక్కడ గరుకుందో తెలుస్తుంది. మిగతాది బొటనవేలితో తడిమి చూడండి. తలకు పెట్టుకునే భూతద్దం 2 రెట్లది చాలు. పవర్ పెరిగేకొద్దీ బొమ్మతో పాటు కత్తి కూడా ముఖానికి దగ్గరవుతుంది.

తేవాల్సినవి: దగ్గరి చూపు కళ్ళజోడు, టేబుల్ ల్యాంప్, పదును పెట్టిన కత్తి, గ్లవ్. బొమ్మ ముఖం మొదటి గంటలోనే, మన కళ్ళు అలసిపోకముందే చెక్కుదాం.

వచ్చేవాళ్ళు శుక్రవారం లోపు ఇక్కడ పేరు పెట్టండి.

మరోసారి గుర్తు చేస్తున్నా: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి.