రాత్రి వచ్చినందుకు సరే, కెపాసిటర్‌కూ అర్జెంటు రేటేనా?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే హైదరాబాద్ శివారు కాలనీల్లో బోరు మోటార్లు వరసగా మొరాయిస్తాయి. రాత్రిపూట ట్యాంకు ఖాళీ అవుతుంది, ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. వచ్చిన మెకానిక్ 'మోటారు కాలింది, పైకి తీయాలి' అంటాడు. తెల్లారేసరికి వేలల్లో బిల్లు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ మొత్తం అడ్వాన్సులోంచి కోత పడుతుంది. ఆ బిల్లును కిరాయిదారు నిలదీయొచ్చు, కానీ అందుకు కావాల్సిన ఆధారాలన్నీ ఆ రాత్రే చేతికి రావాలి.

స్విచ్ వేయగానే కరెంటు ఎంత లాగుతోందో చూపే ఆమ్మీటర్ ముల్లు పైకి లేచి దిగకుండా, ఓవర్‌లోడ్ ట్రిప్ కొడుతోందంటే (మోటారు దానంతటదే ఆగిపోతోందంటే) ముందు అనుమానించాల్సింది గోడమీది ప్యానెల్‌లో (స్విచ్ పెట్టెలో) మోటారు తిరగడానికి తోడ్పడే డబ్బాలాంటి కెపాసిటర్‌ని. ఉబ్బినా, కారినా కంటికే తెలుస్తుంది. ధర వందల్లోనే. (మెయిన్ ఆపినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది, మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు.) అది మార్చి చూడకుండానే పైపులు ఎత్తారంటే ఆ కూలి ఎందుకివ్వాలో అడగాల్సిందే.

తర్వాత మల్టీమీటర్ పరీక్ష. సింగిల్ ఫేజ్ మోటారు నుంచి వచ్చే మూడు వైర్లను మెకానిక్ ప్యానెల్ దగ్గర ఊడదీసి, రెండేసి చొప్పున ఓమ్స్ (నిరోధం) చూడాలి. మూడు రీడింగుల్లో చిన్నవి రెండూ కలిపితే పెద్దదానికి దాదాపు సమానంగా రావాలి. వచ్చి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ చూసే మీటరుతో) ఎర్త్‌కు లీకేజీ కూడా లేకపోతే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్లు, తెగలేదని, ఎర్త్ కాలేదని అర్థం. అసలు రీడింగే రాకపోతే వైండింగ్ తెగి ఉండొచ్చు, బోరులోని కేబుల్ జాయింటు ఊడి ఉండొచ్చు. జాయింటే అయితే రీవైండింగ్‌తో (తీగ మళ్లీ చుట్టించడంతో) పనే లేదు. నిమిషాల్లో అయ్యే పరీక్ష ఇది. రీడింగులు బిల్లుమీదే రాయించుకోండి. మీటరు పెట్టకుండా 'కాలింది' అనేవాడి మాట నమ్మాల్సిన పని లేదు.

బిల్లు ఒకే అంకెగా ఉంటే తీసుకోవద్దు. విజిటింగ్ చార్జి, పైపులు ఎత్తి దించిన కూలి, సామాను, రీవైండింగ్ విడివిడిగా ఉండాలి. అర్జెంటు అన్న మాట మొదటి రెండింటికే వర్తిస్తుంది. అర్ధరాత్రి నిద్రమాని వచ్చినవాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. డబ్బామీద ఎమ్మార్పీ వేసి ఉన్న కెపాసిటర్‌కు రాత్రి రేటు ఎక్కడిది? కూలి దగ్గర మోటారు ఎంత లోతున ఉందో చూడండి: 20 అడుగుల జీఐ (ఇనుప) పైపులైతే 300 అడుగులకు 15 పైపులే, అంతకుమించి రాస్తే అడగండి. రీవైండింగ్‌కు రాగి తీగ ఎన్ని కిలోలు పట్టిందో రాయాలి. కాలిన పాత రాగికి పాత సామాన్ల కొట్టులో మంచి ధరే పలుకుతుంది. అది ఓనరు సొత్తు, తిరిగి ఇవ్వాలి లేదా బిల్లులో తగ్గించాలి. ఎక్కువగా గోల్‌మాల్ జరిగేది ఇక్కడే. మోటారు షాపుకు వెళ్లేముందే నేమ్‌ప్లేటు ఫొటో, సీరియల్ నంబరు తీసి పెట్టుకుంటే మార్పిడి భయమూ ఉండదు. 18 శాతం జీఎస్టీ వేస్తే జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి, రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పన్ను వసూలు చేయకూడదు.

పని మొదలుకాక ముందే ఓనరుకు వాట్సాప్‌లో రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకోవాలి. ఫోన్లో 'చేయించెయ్ బాబూ, చూసుకుందాం' అన్న మాట అడ్వాన్సు లెక్కలప్పుడు ఎవరికీ గుర్తుండదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తాను చేయించాల్సిన మరమ్మతును ఓనరు చెప్పినా తగిన గడువులో చేయించకపోతే కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల కిరాయిదారు నెత్తిన పడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అయితే అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. 'రిపేర్లన్నీ అద్దెకున్నవారివే' అన్న ఒక్క లైను మీద సంతకం చేసేముందు బోరు, మోటారు, మెయిన్ వైరింగ్ మినహా అని చేర్పించుకోండి.

మెకానిక్ బిల్లే ఇవ్వనంటే 2019 వినియోగదారుల చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లింపుల కేసులకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఓనరు అడ్వాన్సు పట్టుకుంటే మాత్రం దారి వేరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కోర్టులో కేసు వేయకముందు) అర్జీ పెట్టి, ఇద్దర్నీ కూర్చోబెట్టమని కోరండి. దానికీ కోర్టు ఫీజు ఉండదు.

– ఒక మోటారు మెకానిక్, ఉప్పల్