అమరావతి రాళ్లను చుట్టపుచూపుగానైనా రప్పించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోని 33ఏ గది చూశాను. అద్దాల గోడల వెనక మన అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు, పల్నాటి సున్నపురాయివి. మా ఇంటికి గంట దూరంలో ఉండాల్సిన స్తూపాన్ని చూడటానికి విమానం ఎక్కాల్సి వచ్చిందే అని నవ్వొచ్చింది, కాస్త కడుపు మండింది కూడా.

తెల్లవాళ్లు పట్టుకుపోయారని తిట్టుకుంటాం. నిజమే, 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలు 1859లో లండన్ ఓడెక్కాయి. కానీ అంతకు చాలా ముందు, 1797లో మరో కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ ఆ స్తూపం ఉన్న దీపాలదిన్నెకు వచ్చేసరికే మనవాళ్లు కొత్త ఊరి కట్టడాల కోసం ఆ రాళ్లు తవ్వుకుపోతున్నారు.

ఇప్పుడు పూర్తిగా ఇచ్చేయమంటే, మ్యూజియం వస్తువులను శాశ్వతంగా వదులుకోకుండా కట్టడి చేసే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం చూపిస్తారు. కొన్నాళ్లకు పంపడానికి మాత్రం ఆ చట్టం అడ్డు కాదు. 2024లో అసాంటే రాజుల బంగారు వస్తువులను ఘనాలోని కుమాసికి మూడేళ్ల ఒప్పందం మీద పంపారు. 2023లో బ్రిటిష్ మ్యూజియం నుంచి గ్రీకు, రోమన్ శిల్పాలు ముంబై మ్యూజియానికి వచ్చాయి. గ్రీకు విగ్రహం ముంబై రాగా లేనిది, అమరావతి శిల్పం అమరావతికి రాలేదా?

మనమూ ఇస్తూనే ఉన్నాం. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి, అక్కడి నుంచి సియోల్‌కి వెళ్లాయి. మంచిదే, బౌద్ధం తెలిసిన కొరియా వాళ్లకు తెలంగాణ పల్లె పేరు ఇంతకన్నా బాగా ఎవరు పరిచయం చేస్తారు? రేపు లండన్ వాళ్లు ఫణిగిరిని అడిగితే మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం అనే మాట మనవాళ్లు గట్టిగా ఎత్తాలి.

అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ప్రకాశం జిల్లా చందవరంలో చోరీ అయిన బౌద్ధ శిల్పం ఆస్ట్రేలియాలో తేలింది. కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ 2005లో దాన్ని కొని, సంగతి తెలిశాక 2016లో తిరిగి ఇచ్చింది. వాళ్లను మెచ్చుకున్నాం, మన కాపలా సంగతి ఎవరూ ఎత్తలేదు. నిరుడు మనవడిని ఇక్కడే ఒక మ్యూజియానికి తీసుకెళ్తే కరెంటు లేదు. ఫోన్ టార్చి వెలుగులో వాడికి బుద్ధుడి పూర్వజన్మల జాతక కథల శిల్పాలు చూపించాను. ఇలాంటి చోటికి ఎవరు మాత్రం ఏ నమ్మకంతో పంపుతారు?

అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం ఎలాగూ ఉంది. అందులో ఒక్క హాలుకు సరైన ఏసీ, కాపలా, బీమా, తెలుగులో వివరాలు ఏర్పాటు చేసి, ఆరు నెలలకు పది శిల్పాలు అడగమని రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలకు నా విన్నపం. ముందుగా చెన్నై ఎగ్మూరు మ్యూజియాన్ని అడిగి చూడండి. మన స్తూపంలో పెద్ద వాటా అక్కడే ఉంది. దానికైతే విదేశాంగ శాఖతో కూడా పని లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని,
గుంటూరు