హబీబ్ ఎవరని అడిగావు కదా

చిన్నీ,

కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్ క్లబ్‌ల మధ్య జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్, అదే డెర్బీకి వెళ్లినప్పుడు పక్క సీటులో కూర్చున్న పెద్దాయన నీది ఏ ఊరని అడిగాడని, ఆంధ్రా అనగానే "హబీబ్! బలరాం!" అంటూ కళ్లు పెద్దవి చేశాడని ఫోన్‌లో చెప్పావు. వాళ్లెవరు నాన్నా అన్నావు. ఆ గోలలో ఏం చెప్పినా నీకు వినపడేది కాదు, అయినా రెండు మాటల్లో అయ్యేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో అని నీకు తెలుసు. తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పని చేసేవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. రైల్వే క్వార్టర్లలో ఏ వీధికి వెళ్లినా తెలుగు వినిపించేది. మాకు ఫుట్‌బాల్ అంటే మొదట ఆ రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.ఏ. అందులో అప్పలరాజు అని ఒకాయన ఆడేవారు. 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద ఆట మొదలైన రెండో నిమిషంలోనే గోల్ కొట్టారు. మన పేరున్న మనిషి దేశం జెర్సీ వేసుకోవడం తాతయ్యకు ఎంత గొప్పో! 1963లో బి.ఎన్.ఆర్. ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ అనే పెద్ద ఫుట్‌బాల్ కప్పు గెలిచిన సంగతి ఆయన పెళ్లిళ్లలో కూడా చెప్పేవారు. వినేవాళ్లకు ఫుట్‌బాల్ తెలుసా లేదా అని చూసేవారు కాదు.

నేను మాత్రం ఈస్ట్ బెంగాల్ వైపు వెళ్లిపోయాను. మా పక్క క్వార్టర్‌లో ఉండే కుటుంబం దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ నుంచి వచ్చింది. ఇల్లు, పొలం, చెరువు అన్నీ అక్కడే వదిలేసి వచ్చిన వాళ్లు. వాళ్లకు ఆ క్లబ్ ఆట మాత్రమే కాదు, పోగొట్టుకున్న ఊరు కూడా అదే. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు వాళ్లింట్లో ఇలిష్ చేప వండేవారు. అదే మన గోదావరి పులస. మోహన్ బాగాన్ గెలిస్తే ఎదురు వీధిలో వాళ్లు రొయ్యలు వండుకునేవారు. డెర్బీ రోజు సాయంత్రం ఏ ఇంట్లో ఏ వాసన వస్తోందో చూసి ఎవరు గెలిచారో చెప్పేయవచ్చు. నాకు ఇలిష్ ఇంటి నుంచి గిన్నె వచ్చేది, అలా ఎరుపు పసుపు జెర్సీ నాదైపోయింది.

ఆ జెర్సీకి మన వాళ్లతో పాత బంధమే ఉంది. 1949 నుంచి ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఐదుగురు ఆడేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. కలకత్తా వాళ్లు ఆ ఐదుగురినీ పంచపాండవులని పిలిచేవారు. వాళ్లలో ఒక్కరు కూడా బెంగాలీ కాదు! 1949, 50, 51లో వరసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ తెచ్చారు. ఊరు పోగొట్టుకుని శిబిరాల్లో, కాలనీల్లో బతుకుతున్న జనానికి ఆ రోజుల్లో తల ఎత్తుకునేలా చేసింది దక్షిణాది నుంచి వచ్చిన ఈ ఐదుగురే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత బలరాం. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టారు. తమిళ కుటుంబం, బాగా పేదరికం. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కంట పడ్డారు. సికింద్రాబాద్ నుంచి ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దెకు కూడా డబ్బు లేదంటే రహీం సాబ్ రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారట. ఈ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి నీకు విడిగా ఒక ఉత్తరం రాయాలి. స్కూలు టీచరుగా ఉండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన మనిషి. ఆ జట్టు 1950 నుంచి 54 వరకు బొంబాయిలో రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చిందీ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాదే పోయారు.

బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ మూడు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఇరవైల్లోనే ఆట ఆపేయాల్సి వచ్చింది. కానీ ఆయన తిరిగి రాలేదు చిన్నీ. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉండిపోయారు. ఆ పెద్దాయన నోట బలరాం పేరు అంత చనువుగా రావడానికి కారణం అదే. ఆయన వాళ్ల మధ్య బతికి, వాళ్ల మధ్యే పోయిన మనిషి.

ఇక హబీబ్. ఇక్కడ నేను ఆగి ఆగి రాస్తాను, ఎందుకంటే ఈయనను నా కళ్లతో చూశాను.

మహమ్మద్ హబీబ్ హైదరాబాద్ మనిషి. 1949లో పుట్టారు. పదిహేడేళ్ల కుర్రాడిగా కలకత్తా వెళ్లి దాదాపు రెండు దశాబ్దాలు అక్కడే ఆడారు. అందరూ 'బడే మియా' అనేవారు. 1970 నుంచి 74 వరకు ఈస్ట్ బెంగాల్ ఏటా కలకత్తా లీగ్ గెలిచింది, ఆ జట్టుకు గుండె ఈయనే. తాతయ్యతో లోకల్ రైలెక్కి హౌరాలో దిగి, కలకత్తాలో క్లబ్‌ల గ్రౌండ్లు ఉండే మైదాన్‌కు వెళ్లేవాళ్లం. గ్యాలరీలన్నీ చెక్కవి, జనం ఎగిరితే అవీ ఊగేవి. టికెట్ దొరకని రోజు బయట గట్టు మీద నిలబడేవాళ్లం. అట్టముక్కలు, అద్దాలు అతికించి చేసిన పెరిస్కోపులు పట్టుకుని జనం తలల మీదుగా మ్యాచ్ చూసేవారు. నేను తాతయ్య భుజాల మీద కూర్చుని చూశాను.

హబీబ్ పొడగరి కాదు. చూడగానే భయపెట్టే ఆకారమూ కాదు. కానీ బంతి పోయిందంటే దాని వెంట పడడంలో అలాంటివాడిని మళ్లీ చూడలేదు. ఫార్వర్డ్ అయి ఉండి తన గోల్ దాకా పరిగెత్తుకొచ్చి బంతి లాక్కునేవారు. పక్కవాడు అలసిపోయినట్టు కనిపిస్తే తిట్టేవారు. ఎవరైనా ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నారు, ఆటే నా పని అన్నారు. అప్పట్లో మన ఆటగాళ్లంతా రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసులోనో ఉద్యోగం చూసుకుని ఆడేవారు. రేపటి గురించి ఏ భరోసా లేకుండా ఆటనే నమ్ముకోవడం ఎంత ధైర్యమో ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టిన నాకు బాగా తెలుసు.

ఇప్పుడు ఒక విచిత్రం విను. హబీబ్ ఒక్క క్లబ్‌కే ఆడలేదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడింటికీ ఆడారు, ఒకదాని నుంచి ఒకదానికి తిరిగి తిరిగి వెళ్లారు. కలకత్తాలో అది చిన్న విషయం కాదు. ట్రాన్స్‌ఫర్ల సీజన్ వచ్చిందంటే సంతకం అయ్యేదాకా ఆటగాళ్లను క్లబ్ మనుషులు ఇళ్లలో దాచిపెట్టేవారు. అవతలి జట్టుకు పోయినవాడిని మైదాన్‌లో తిట్టని తిట్టు ఉండదు. అలాంటి ఊరు హబీబ్‌ను మాత్రం మూడు వైపుల నుంచీ ప్రేమించింది.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. నాకు అనిపించేది ఇది. ఆయన ఏ జెర్సీ వేసుకున్నా ఆ తొంభై నిమిషాలు ఆ జనం గొడవను తన సొంత గొడవగా తీసుకున్నారు. బరిసాల్ ఆయన ఊరు కాదు, మోహన్ బాగాన్ వాళ్ల ఉత్తర కలకత్తా పాత వీధులూ ఆయనవి కావు. అయినా ఓడిపోతే వాళ్లకంటే ఎక్కువ బాధపడేవారు. గ్యాలరీలో కూర్చున్నవాడికి అది వెంటనే తెలిసిపోతుంది. ఎన్ని గోల్స్ కొట్టాడన్న లెక్క పేపర్లో ఉంటుంది, ఇది మాత్రం చూసినవాళ్ల మనసులో ఉండిపోతుంది.

1977 సెప్టెంబర్ 24న పెలే కలకత్తా వచ్చాడు. న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో, ఈడెన్ గార్డెన్స్‌లో, మోహన్ బాగాన్ మీద. వానకు గ్రౌండ్ అంతా బురద. ఊరంతా పెలేను చూడడానికి వెళ్లింది. హబీబ్ అప్పుడు మోహన్ బాగాన్‌లో ఉన్నారు. ఎదుట ఎవరున్నారన్నది పట్టించుకోకుండా మామూలు లీగ్ మ్యాచ్ ఆడినట్టే ఆడారు, గోల్ కూడా కొట్టారు. మ్యాచ్ 2-2తో ముగిసింది. మేము రేడియోకు చెవులు ఆనించి విన్నాం. ఈస్ట్ బెంగాల్ ఇల్లు అది, అయినా హబీబ్ గోల్‌కు అందరం లేచి అరిచాం.

హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా అంతే పేరున్నవాడు. 1976 లీగ్ డెర్బీలో మోహన్ బాగాన్ తరఫున ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. మ్యాచ్ ఆ ఒక్క గోల్‌తోనే పోయింది. ఆ రోజు మా పక్కింట్లో అన్నం వండలేదు. ఇంకొక హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్. హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నారు.

మీ స్నేహితులు మజీద్ పేరు కూడా ఎత్తుతారు, అప్పుడు తెల్లముఖం వేయకు. 1980లో ఈస్ట్ బెంగాల్ నుంచి పెద్ద ఆటగాళ్లు మూకుమ్మడిగా వెళ్లిపోయారు. క్లబ్ పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు అలీగఢ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇరాన్ కుర్రాళ్లు వచ్చారు, మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీ, ఖబాజీ. మజీద్ 1978 ప్రపంచ కప్ ఇరాన్ జట్టులో ఉన్నవాడు. అతను బంతి పట్టుకుని తల ఎత్తాడంటే ఎదుటి డిఫెండర్లకు టెన్షన్. ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది రెండే సీజన్లు. తర్వాత వ్యసనాల్లో పడి, ఆట పోయి, చివరికి ఇరాన్ తిరిగి వెళ్లిపోయాడు. చాలా ఏళ్లు అతని కబురే లేదు. 2019 ఆగస్టులో క్లబ్ నూరేళ్ల పండగకు పిలిస్తే వచ్చాడు. అర్ధరాత్రి దాటాక దిగిన విమానం కోసం ఎయిర్‌పోర్టు నిండా జనం. అందులో చాలామంది అతని ఆట చూసే వయసున్న వాళ్లు కారు, తండ్రుల దగ్గర విన్నవాళ్లు. మనిషి పడిపోయాడని తెలిసి కూడా అతనిచ్చిన ఆ రెండేళ్లను మరచిపోని అభిమానులు వాళ్లు. ఈ ఒక్క విషయంలో కలకత్తాకు నేను దండం పెడతాను.

కృశాను దే, భైచుంగ్, మోహన్ బాగాన్ వాళ్లకైతే బ్రెజిల్ నుంచి వచ్చిన బరెటో, వీళ్ల కథలు నీ తోటివాళ్లే చెబుతారు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో లక్షా ముప్పై వేల మంది ముందు భైచుంగ్ హ్యాట్రిక్ గురించి అడుగు, చెప్పడం ఆపరు.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయారు, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో పోయారు. ఇక్కడ విశాఖలో మన అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరితో అంటే, ఎవరండీ వాళ్లు అన్నారు. మన నేల పంపిన మనుషుల పేర్లు పరాయి ఊరి గ్యాలరీలో నా కూతురికి వినిపించాల్సి వచ్చింది. ఈ తరానికీ హైదరాబాద్‌లో ఒక జట్టు వచ్చింది. 2022లో గోవాలో ఐ.ఎస్.ఎల్., అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. నువ్వు సోఫా మీద ఎగిరిన రాత్రి అది. నాలుగేళ్లు తిరగకుండానే కష్టాల్లో పడి ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. కట్టిమణి పేరు ఏ గ్యాలరీలో ఎవరు పలకాలి చెప్పు?

అందుకే ఒక పని అప్పజెబుతున్నాను. ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే నంబరు తీసుకో. హబీబ్‌ను ఏ ఏడాది, ఏ గ్రౌండ్‌లో చూశాడో, ఏ గోల్ గుర్తుందో అడుగు. బెంగాలీలోనే చెప్పనీ, ఫోన్‌లో రికార్డు చెయ్యి. నాకు బెంగాలీ ఇంకా బాగానే వస్తుంది, విని తెలుగులో రాసి పెడతాను.

జాగ్రత్త కూడా చెప్పాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ చూడడానికి వెళ్లిన పదహారు మంది తొక్కిసలాటలో చనిపోయారు. ఆ రోజు తాతయ్య మమ్మల్ని వెళ్లనివ్వలేదు. మ్యాచ్ అయ్యాక గేటు వైపు పరిగెత్తకు. పావుగంట కూర్చుని, గుంపు పలచబడ్డాక లే. గెలిచిన రోజే తోపులాట ఎక్కువ ఉంటుంది.

జెర్సీ కొన్నానన్నావు కానీ ఏ రంగో చెప్పలేదు. ఎరుపు పసుపు అయితే నాకు పండగే. ఆకుపచ్చ మెరూన్ అయినా ఏమీ అనను, హబీబ్ అదీ వేసుకున్నారు. ఫొటో పంపు.

అమ్మ ఆవకాయ, సున్నుండలు కొరియర్ చేసింది. గురువారానికి అందుతాయి.

ఆశీస్సులతో,
నాన్న