ఎరువు సంచీ పక్కన పెట్టి రంపం కొనుక్కోరా

బెంగళూరు,
మార్చి 8

ఒరేయ్ శ్రీనూ,

నీ పొద కొమ్మలు ఎందుకు ఎర్రబడటం లేదని అడుగుతూ పంపిన ఫొటోలు చూశాను. మీ మినియాపొలిస్‌లో ఇంకా మంచు కరగలేదు కాబట్టి అడగాల్సిన వేళకే అడిగావు. ఆ ఇల్లు అమ్మినవాళ్ళు వదిలివెళ్ళిన పొద టాటేరియన్ డాగ్‌వుడ్, అందులోనూ తెల్ల అంచు ఆకుల రకం. సైబీరియా, ఉత్తర చైనా వైపు మొక్క అది. మైనస్ 35 డిగ్రీలకి కూడా జంకదు. గోనెపట్టాలు చుట్టే శ్రమ నీకక్కర్లేదు.

కొమ్మలు ఎర్రగా లేవని ఎరువు వేస్తానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకు. ఎరుపు నిలిచేది ఒకటి రెండేళ్ళ లేత కొమ్మల మీదే. ముదిరితే బెరడు గోధుమ బూడిద రంగుకి తిరుగుతుంది. నీ పొదలో ఉన్నవన్నీ తాతలు! నత్రజని ఎక్కువైతే కొమ్మలు సాగిలపడతాయే గానీ రంగెక్కవు.

మార్చి ఆఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో, మొగ్గలు విచ్చకముందే, అన్నిటికంటే లావుపాటి కొమ్మల్ని మూడోవంతు ఏరి నేలకి ఆనించి కోసెయ్. బొటనవేలి లావు దాటినవాటికి కత్తెర చాలదు, చిన్న చేతిరంపం పట్టాలి. వచ్చే ఏడు ఇంకో మూడోవంతు, ఆపై ఏడు మిగతావి. ఓపిక లేకపోతే పొద మొత్తాన్నీ ఒక్కసారే మూడంగుళాల మోడుగా కొట్టెయ్యొచ్చు, వేళ్ళు బలంగా ఉంటే మళ్ళీ లేస్తుంది. కాకపోతే పూలు పాత కొమ్మకే పూస్తాయి కాబట్టి ఆ ఏడు పూలూ తెల్ల కాయలూ ఉండవు. నాటి రెండేళ్ళు నిండని మొక్క జోలికి మాత్రం వెళ్ళకు. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో డురాంటా కంచెకి చేసినట్టు పైపైన గుండ్రంగా క్షవరం కూడా వద్దు. ముసలి కొమ్మలు లోపలే ఉండిపోయి, పైన చీపురుకట్ట తయారవుతుంది.

పోయిన వేసవి ఫొటోలో కుడివైపు ఏపుగా లేచిన పచ్చ కొమ్మ ఉంది చూడు, “ఎంత బాగా పెరుగుతోందో” అని మురిసిపోయావే, పొదకి ఎసరు పెట్టేది అదే. తెల్ల అంచులో పత్రహరితం ఉండదు, అందుకే అంచున్న కొమ్మ నిదానంగా పెరుగుతుంది. అంచు పోగొట్టుకున్న కొమ్మకి ఆకంతా పచ్చదనమే, కొన్నేళ్ళలో మిగతావాటిని మింగేస్తుంది. సగానికి కోస్తే కింది కణుపుల నుంచి మళ్ళీ పచ్చవే వస్తాయి. అది పుట్టిన చోటు దాకా వెతికి అక్కడ కొయ్యి. ఆకు రాలాక పోల్చుకోవడం కష్టం, అందుకని వేసవిలో కనబడ్డ రోజే ఆ పని కానిచ్చెయ్.

ఆకుల అంచులు మాడటం తెగులు కాదు. మధ్యాహ్నం ఎండకి, నేల పొడిబారితే, ముందు మాడేది తెల్ల భాగమే. పొద మొదలు చుట్టూ మూడంగుళాల మందాన చెక్కపొట్టు పరుచు, కాండాలకి మాత్రం తగలనివ్వకు. వానలేని వారాల్లో పాదు బాగా తడుపు. ఊదా అంచున్న మచ్చలు వస్తే అది శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు. రాలిన ఆకులు ఊడ్చెయ్, ఆకుల మీద నీళ్ళు చిమ్మకు. చలికాలం కుందేళ్ళు బెరడు కొరుకుతాయి, మంచు మీద నిలబడి మరీ! అందుకే తీగవల ఎత్తుని నేల నుంచి కాదు, పేరుకునే మంచు మట్టం నుంచి లెక్కెయ్.

కోసినవాటిలో పెన్సిల్ లావు లేత కొమ్మలు పారెయ్యకు. తొమ్మిదంగుళాల ముక్కలుగా, కింది కోత కణుపు కిందికి వచ్చేట్టు కోసి, మూడింట రెండువంతులు మట్టిలో దించు. అంచున్న కొమ్మ నుంచే తియ్యి. కాయల్లోని విత్తనం వేస్తే మామూలు పచ్చ మొక్కే మొలుస్తుంది.

ఇక అమ్మ వాళ్ళ జయనగర్ ఇంటికి ఓ ముక్క తెచ్చే ఆలోచన మానుకో. అనుమతి పత్రాల గొడవ అటుంచు, బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884లో. దానికి కావలసిన చలికాలం ఇక్కడెక్కడిది? అంచు ఆకులే ముచ్చటైతే ఇక్కడ అకాలిఫా పెట్టుకోవచ్చు, నర్సరీల్లో సులువుగా దొరుకుతుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

రంపం పట్టేముందు, కోద్దామనుకున్న కొమ్మలకి ఎర్రదారం కట్టి ఫొటో పంపు. ఎటూ మీ పొదలో ఎరుపు కనబడి చాలా కాలమైంది కదా.

నీ
ప్రసాదు