నాన్నగారికి, మేఘన చదువు సంగతి

కొలంబస్, ఒహాయో
2026 జనవరి 25

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇటు పక్కనే మీ మనవరాలు మేఘన కూర్చుని ఉంది. అటు అమ్మేమో సంక్రాంతికి ఎవరెవరు వచ్చారో చెప్తోంది. అదీ కాక నోటిమాటతో మీతో వాదన పెట్టుకుంటే ఎప్పుడూ మీదే పైచేయి. అందుకే రాస్తున్నాను. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇస్తానని తమ్ముడు చెప్పాడు.

డిగ్రీ అయింది, ఎంక్యాట్ (ఇక్కడి మెడికల్ ప్రవేశపరీక్ష) స్కోరు బాగా వచ్చిందన్నారు, మెడికల్‌కి వెళ్లకుండా మళ్లీ ఈ మాస్టర్స్ ఎందుకు, ఆ డబ్బుతో మన దగ్గరే ఎంబీబీఎస్ అయిపోతుంది కదా అన్నారు. అవసరమైతే దుగ్గిరాల దగ్గర ఎకరం అమ్మేస్తానని కూడా అన్నారు. పొలం సంగతి తర్వాత చెప్తాను.

నిరుడు జూన్‌లో మేఘన మెడికల్ కాలేజీలకి అప్లికేషన్లు పెట్టింది. ఇప్పటిదాకా ఒక్క ఇంటర్వ్యూకి కూడా పిలుపు రాలేదు. జనవరి చివరికి వచ్చాం కాబట్టి ఇక వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. ఇక్కడ ఎండీ (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిదే) సీటు తెచ్చుకున్నవాళ్ల సగటు ఎంక్యాట్ స్కోరు 512 దగ్గర ఉంటుంది. తనకీ 512 వచ్చింది. కానీ ఆ చేరినవాళ్ల డిగ్రీ జీపీఏ సగటు 3.8 దగ్గర. మేఘనది 3.3. ప్రవేశపరీక్షలో లోటు లేదు, లోటంతా డిగ్రీ మార్కుల్లో ఉంది. ఆ మార్కులు ఎక్కడ పోయాయో కూడా చెప్తాను. రెండో ఏడాదిలో, ఆర్గానిక్ కెమిస్ట్రీలో. సి వచ్చింది. జీవితమంతా ఆర్గానిక్ చెప్పిన తాతయ్యకి ఈ మాట చెప్పడానికి దానికి ఇన్నాళ్లు నోరు రాలేదు. ఈ ఉత్తరంలో రాయమని అదే అంది.

మీ అల్లుడికి ఉద్యోగం పోయింది ఆ సంవత్సరమే. మేఘన సాయంత్రాలు ఒక మందుల షాపులో పనిచేస్తూ చదివింది. తర్వాతి రెండేళ్లూ మార్కులు బాగానే వచ్చాయి. కానీ సగటు అనేది మీకు తెలియనిది కాదు, ఒకసారి దిగితే ఎక్కడం కష్టం.

"ఇది మన లాంగ్ టర్మ్ కోచింగ్ లాంటిదా?" అని అడిగారు మీరు. కాదు నాన్నా, చిక్కంతా అక్కడే ఉంది. మన ఇంటర్‌లో ఇంప్రూవ్‌మెంట్ రాస్తే ఎక్కువ వచ్చిన మార్కే నిలుస్తుంది. లాంగ్ టర్మ్‌కి వెళ్లి మంచి ర్యాంకు తెచ్చుకుంటే నిరుటి ర్యాంకు ఊసు ఎవరూ ఎత్తరు. ఇక్కడ అలా లేదు. దాదాపు ఎండీ కాలేజీలన్నిటికీ కలిపి ఆమ్‌కాస్ అని ఒకే అప్లికేషన్ ఉంటుంది. ఒక కోర్సు రెండుసార్లు చదివితే వాళ్లు రెండు గ్రేడ్లనూ లెక్కలో వేస్తారు. డీవో కాలేజీలని ఇంకో రకం ఉన్నాయి. (హోమియో కాదు, కంగారు పడకండి. వాళ్లూ పూర్తిస్థాయి డాక్టర్లే, ఆపరేషన్లు చేస్తారు, ఎండీలతో కలిసి అవే రెసిడెన్సీలు, అంటే చదువయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణ, చేస్తారు.) ఒకప్పుడు ఆ డీవో కాలేజీలు రెండోసారి వచ్చిన గ్రేడునే లెక్కపెట్టేవి. 2017లో అది కూడా తీసేశారు. అంటే ఆ సి ఎప్పటికీ సి గానే ఉంటుంది.

పోనీ డిగ్రీ స్థాయిలోనే ఇంకో ఏడాది చదివి సగటు పెంచుకోవచ్చు కదా అంటారేమో. లెక్క మీరే వేసి చూడండి. 120 క్రెడిట్లకి 3.3 ఉంది. ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నింట్లోనూ 4.0 తెచ్చుకున్నా 3.44 అవుతుంది. ఏడాదంతా తల వంచుకుని చదివితే వచ్చేది అంతే.

ఈ స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాములు ఇలాంటి పిల్లల కోసమే పుట్టాయి. ఏడాది చదువు, కొన్నిచోట్ల రెండేళ్లు. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీది బాగా పాతది, పేరున్నది. అక్కడ డిగ్రీ ఫిజియాలజీలో ఇస్తారు. బోస్టన్ యూనివర్సిటీలో మెడికల్ సైన్సెస్ అంటారు. మన ఒహాయోలోనే సిన్సినాటీలో ఒకటి, క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్‌లో ఒకటి ఉన్నాయి. జార్జ్‌టౌన్ లాంటి చోట్ల ఈ పిల్లలు మెడికల్ మొదటి ఏడాది వాళ్లతో కలిసి పాఠాలు వింటారు. ఆ మెడికల్ పిల్లలతో పోల్చి చూస్తే వీళ్లు ఎక్కడున్నారో తెలిసిపోతుంది. ఇక్కడ వచ్చే జీపీఏని ఆమ్‌కాస్ డిగ్రీ జీపీఏలో కలపదు, పక్కన వేరే గడిలో చూపిస్తుంది. అంటే 3.3 అలాగే ఉంటుంది. దాని పక్కన, మెడికల్ కాలేజీ పాఠాలే చదివి 3.8 తెచ్చుకుందని ఇంకో అంకె కనిపిస్తుంది. చూసేవాళ్లు దేన్ని ఎంత పట్టించుకుంటారన్నది వాళ్ల ఇష్టం. కొన్ని కాలేజీలు మాత్రం తమ సొంత మాస్టర్స్‌లో ఫలానా జీపీఏ దాటినవాళ్లని ఇంటర్వ్యూకి తప్పకుండా పిలుస్తామని ముందే చెప్తాయి. ఇంటర్వ్యూకి పిలుస్తామనే, సీటు ఇస్తామని కాదు.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. డిగ్రీలో మార్కులు తగ్గితే ఇంట్లో ఇబ్బంది, వయసు, ఇంకోటీ ఇంకోటీ చెప్పుకోవచ్చు. ఇక్కడ కూడా బి, బి మైనస్ వచ్చాయనుకోండి, ఈ పిల్ల మెడికల్ చదువుకి తట్టుకోలేదని తన చేత్తో తనే రాసిచ్చినట్టు. ఆ తర్వాత ఇంకే తలుపూ తెరుచుకోదు. మేఘనకి ఇది తెలుసు. నాకంటే బాగా తెలుసు. "అమ్మా, తట్టుకోలేనని ఈ ఏడాదిలోనే తెలిస్తే నాకే మంచిది కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు కానీ దాని మాటలో తప్పేమీ కనపడలేదు.

ఇంకో మాట. ఈ ప్రోగ్రాములు కాలేజీలకి మంచి ఆదాయం. ఒక్క ట్యూషనే 50 వేల డాలర్లు దాటే చోట్లున్నాయి. మెడికల్ సీటు రాకపోతే ఈ పట్టాతో ప్రత్యేకంగా వచ్చే ఉద్యోగం ఏదీ లేదు. వెబ్‌సైట్లలో మా పిల్లల్లో నూటికి ఇంతమందికి సీట్లొచ్చాయని రాసుకుంటారు. విజయవాడ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగినదాన్ని కాబట్టి నేను మేఘన చేత ప్రతిచోటా అడిగించాను. చేరిన అందరిలో ఇంతమందా, చివరిదాకా నిలబడినవాళ్లలోనా? ఎండీ ఒక్కటేనా, డీవో, డెంటల్ కూడా కలిపారా? ఒక్క ఏడాదిలోనా, నాలుగేళ్లలోనా? కొందరు వివరంగా చెప్పారు. ఒకచోట మాత్రం రంగుల బ్రోచర్ పంపి ఊరుకున్నారు. దాన్ని లిస్టులోంచి కొట్టేశాం.

ఎంబీబీఎస్ సంగతికి వస్తాను. మీరు అన్నది తీసిపారేసే మాట కాదు, మేమూ ఆలోచించాం. కానీ అక్కడ చేరాలంటే నీట్ రాయాలి. సీటొస్తే నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అది అయ్యాక ఇక్కడికొచ్చి పనిచేయాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్సు పరీక్షలు, ఆపైన రెసిడెన్సీ. ఇక్కడ ఎండీ చదివినవాళ్లలో నూటికి 93 మంది దాకా మొదటిసారే రెసిడెన్సీ దొరుకుతోంది. బయటి దేశాల్లో చదివి వచ్చిన అమెరికా పౌరులకి అది 67 దగ్గర ఆగుతోంది. కరీబియన్ దీవుల కాలేజీలకి వెళ్లినా లెక్క ఇదే. ఆ కాలేజీల తరఫున వారానికోసారి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. మన దగ్గర చదివి ఇక్కడ పెద్ద డాక్టర్లయినవాళ్లు బోలెడుమంది, కాదనను. కానీ వాళ్లు 18 ఏళ్లకి మొదలుపెట్టారు.

వయసు గురించి అమ్మ బెంగపడుతోందని తెలుసు. ఈ ఆగస్టులో మాస్టర్స్‌లో చేరితే వచ్చే ఏడాది మేలో అవుతుంది. పూర్తి మార్కులు చేతిలో పెట్టుకుని 2027 జూన్‌లో మళ్లీ మెడికల్ అప్లికేషన్ పెడుతుంది. సీటొస్తే 2028 ఆగస్టులో చేరుతుంది, అప్పటికి దానికి పాతికేళ్లు. అమ్మకి చెప్పండి, ఇక్కడ మెడికల్ మొదటి ఏడాదిలో చేరేవాళ్ల సగటు వయసే 24. ఈ జూన్‌లోనే మళ్లీ పెట్టొచ్చు కూడా. కానీ కొత్త మార్కులేవీ లేకుండా పాత అప్లికేషన్నే రెండోసారి పంపినట్టవుతుంది. అది నాకూ నచ్చలేదు, దానికీ నచ్చలేదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే, ఎంక్యాట్ స్కోరు మరీ పాతదైతే కొన్ని కాలేజీలు ఒప్పుకోవు. రెండేళ్లనో మూడేళ్లనో ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క. అది చూసుకుని అప్లై చేయాలి.

మాస్టర్స్ అప్లికేషన్‌లో మార్కులు, ఎంక్యాట్, ప్రొఫెసర్ల ఉత్తరాలు ఇవన్నీ మామూలే. అసలు కష్టం వ్యాసం దగ్గర వచ్చింది. ఆ రెండో ఏడాది ఏమైందో చెప్పాలి, కానీ సాకు చెప్పినట్టు ఉండకూడదు. మొదట రాసినదాంట్లో వాళ్ల నాన్న ఉద్యోగం గురించి ఒక పేరా ఉంది. నాకు చదువుతుంటే గొంతు పట్టేసింది, బాగుంది ఉంచమన్నాను. మర్నాటికి దాన్ని ఒక్క వాక్యం చేసేసింది. "ఇది నా గురించి, నాన్న గురించి కాదు" అంది. దాని బదులు గుడిలో హెల్త్ క్యాంపు గురించి రాసింది. పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన మన ముసలివాళ్లు అక్కడికి చాలామంది వస్తారు. ఇన్సూరెన్సు ఉండదు, ఇండియా నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతుంటాయి, అయిపోయాయని కొడుక్కి చెప్పడానికి మొహమాటం. రోజుకి సగం మాత్రే వేసుకుంటూ నెట్టుకొస్తున్న ఒకావిడ డాక్టరుకి చెప్పని ఆ విషయం బీపీ చూస్తున్న మేఘనకి తెలుగులో చెప్పిందట. మేఘన అక్కడే ఉన్న డాక్టరుగారికి చెప్పింది. వ్యాసంలో ఆ సంగతి మూడంటే మూడు వాక్యాల్లో ఉంది. నేనైతే పేజీన్నర రాసేదాన్ని.

డబ్బు. మాస్టర్స్ చదివేవాళ్లకి ఇంతకుముందు ప్రభుత్వమే గ్రాడ్ ప్లస్ అని ఒక లోను ఇచ్చేది, ఖర్చు ఎంతైతే అంత. నిరుడు జూలైలో వచ్చిన కొత్త చట్టంతో, ఈ జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి అది లేదు. మాస్టర్స్‌కి ఏడాదికి 20,500 డాలర్లే ఇస్తారు. మెడికల్‌కి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు. చాలా ప్రైవేటు మెడికల్ కాలేజీలకి ఆ 2 లక్షలు సరిపోవు. కాబట్టి ఇప్పుడు మాస్టర్స్‌కి ఎక్కువ పెట్టేస్తే రేపు అసలు చదువుకి వెతుక్కోవాలి. జార్జ్‌టౌన్, బోస్టన్ రెండింటికీ అప్లై చేసింది కానీ నా మనసు సిన్సినాటీ మీదే ఉంది. ఇక్కడి నుంచి కారులో రెండు గంటల్లోపే. వారాంతం ఇంటికొచ్చి తిని వెళ్లొచ్చు. ఆఖరి మాట దానిదే అనుకోండి.

ఆ లోనైనా దొరుకుతోందంటే మేఘన అమెరికా పౌరురాలు కాబట్టి. మా వీధిలోనే ఇంకో తెలుగు కుటుంబం ఉంది. వాళ్లబ్బాయికి మేఘన కంటే మంచి మార్కులు. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. 21 నిండగానే హెచ్4 (తల్లిదండ్రుల వీసా మీద పిల్లలకి ఇచ్చేది) పోయి స్టూడెంట్ వీసా మీదికి మారాడు. స్టూడెంట్ వీసా వాళ్లని తీసుకునే మెడికల్ కాలేజీలు తక్కువ, ప్రభుత్వ లోను అసలే రాదు. వాడు ఇప్పుడు మెడిసిన్ మాటే ఎత్తడం లేదు, డేటా సైన్స్‌లో చేరాడు. వాళ్లమ్మ ఎదురుపడితే మేఘన గురించి ఏం చెప్పాలో నాకు తోచదు.

ఇక పొలం. అమ్మొద్దు నాన్నా. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. పసుపు మీద వచ్చే ఆ కౌలు డబ్బులు అమ్మ ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా ఖర్చు పెట్టుకునే డబ్బులు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. తాతయ్య పొలం అమ్మి చదివిస్తున్నారని తెలిస్తే మేఘన వద్దనుకున్న రోజున కూడా వద్దని చెప్పలేదు. ఏడాది మధ్యలో ఇది నావల్ల కాదనిపిస్తే ఆపేసి వచ్చే స్వేచ్ఛ దానికి ఉండాలి. మీ అల్లుడికి ఇప్పుడు ఉద్యోగం స్థిరంగానే ఉంది. మేఘన కూడా ఒక క్లినిక్‌లో డాక్టర్ల పక్కన నోట్స్ రాసే పనిచేస్తూ కొంత దాచుకుంది. మిగతాది మేం చూసుకుంటాం.

మీరు చేయాల్సిన సాయం వేరే ఉంది. ఆగస్టులోపు దానికి బయోకెమిస్ట్రీ మళ్లీ ఒకసారి మొదటి నుంచి చూసుకోవాలని ఉంది. రియాక్షన్ మెకానిజమ్స్ దగ్గర ఇప్పటికీ తడబడుతోంది. మీరు వారానికి రెండు రోజులు, మీకు పొద్దున్న ఏడింటికి, వీడియోలో చెప్పగలరా? మాకు అప్పుడు రాత్రి అవుతుంది, క్లినిక్ నుంచి వచ్చి భోంచేసి కూర్చుంటుంది. మార్కుల గురించి మాత్రం అడగకండి. మీరు మొదలుపెడితే ఎలా తిడతారో నాకు తెలుసు. దానికి ఇంకా తెలియదు.

అమ్మ మోకాలి ఎక్స్‌రే ఫోటో తీసి తమ్ముడిని వాట్సాప్‌లో పెట్టమనండి. మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నానంది, ఆ మోకాలితో కొండ మెట్లు ఎక్కొద్దని గట్టిగా చెప్పండి. ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్లమనండి.

మీ
పద్మ