కోచ్‌లూ, మీ గురించి తర్వాత.. ముందు మా హాలు గురించి అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వ్యాయామం గురించి తరచూ రాస్తున్నారు, సంతోషం. నడుము నొప్పికి ఏం చేయాలి, రోజూ ఎంతసేపు నడవాలి లాంటివి చదువుతూనే ఉన్నాం. కానీ ఆ వ్యాయామాన్ని జనం మధ్యకు తీసుకురావాల్సిన ఫిట్‌నెస్ కోచ్‌లు, వాళ్లకు వేదిక ఇవ్వాల్సిన మాలాంటి నిర్వాహకులు ఒకరినొకరు ఎలా చేరుకోవాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను చాలా ఏళ్లుగా సదస్సులు, ఆఫీసు కార్యక్రమాలు, కాలేజీ ఉత్సవాలు నిర్వహించే పనిలో ఉన్నాను. కోచ్‌ల దగ్గర్నుంచి వచ్చే మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు మా దగ్గర చదివేది నేనే. పని బాగా తెలిసిన కోచ్‌లు కూడా అడగడం తెలియక అవకాశాలు పోగొట్టుకుంటున్నారు. చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

వచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో ఉంటాయి. పైన సర్టిఫికెట్ల పేర్లు, ఆ కింద ఫాలోవర్ల సంఖ్య, చొక్కా లేని ఫొటో ఒకటి, పది పన్నెండు పేజీల పీడీఎఫ్, చివర్లో 'మీ ఈవెంట్‌లో ఒక్క అవకాశం ఇవ్వండి' అని ఒక లైను. అంతా చదివాక నాకు తెలిసేది ఒకటే, ఆ మనిషి ఒళ్లు బాగా చూసుకుంటున్నాడని. నాకు కావాల్సింది అది కాదండీ. నా హాల్లో మూడు వందల మంది ఉంటారు. వాళ్లలో పొద్దున్నుంచీ కుర్చీకి అతుక్కుపోయినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, పదిమందిలో చేతులెత్తాలంటేనే సిగ్గుపడేవాళ్లు ఉంటారు, పైగా ఎవరూ వ్యాయామానికి తగ్గ బట్టల్లో రారు. వీళ్లందరినీ మీరు ఏం చేస్తారు? ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే ఏం చేస్తారు? మీరు పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే తర్వాతి వక్తకు నేను ఏం చెప్పుకోవాలి? నిర్వాహకుల బుర్రలో తిరిగేవి ఈ ప్రశ్నలే. వీటికి ముందే జవాబు చెప్పిన మెయిల్‌ను నేను పక్కన పెట్టలేను.

అలాంటి మెయిల్ ఎలా ఉండాలో నేనే రాసి చూపిస్తాను. 'నమస్కారం. మీ రెండు రోజుల సదస్సు ప్రోగ్రాం చూశాను. మొదటిరోజు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు వరసగా ప్రసంగాలే ఉన్నాయి. మూడున్నరకు 15 నిమిషాలు ఇస్తే, అందరూ తమ కుర్చీ దగ్గరే ఉండి, బట్టలు మార్చుకునే అవసరం లేకుండా, చెమట పట్టకుండా మెడ, భుజాలు, నడుము కదిలించే సెషన్ చేయిస్తాను. నిలబడలేనివారు కూర్చునే చేయొచ్చు. మ్యాట్లు అక్కర్లేదు, హెడ్‌సెట్ మైకు ఒకటి ఉంటే చాలు. నేను చేయించిన ఇలాంటి సెషన్ వీడియో రెండు నిమిషాలది పంపుతున్నాను. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ శిక్షణ ఉంది. ఫీజు వివరం కింద రాశాను. ఈ వారంలో ఒక పది నిమిషాలు ఫోన్లో మాట్లాడుకుందామా?' అంతే. ఇందులో ఆ కోచ్ తన గురించి రాసుకుంది రెండు మాటలే. అయినా మా ప్రోగ్రాం చదివారని, మా జనాన్ని ఊహించుకున్నారని, నాకు పని పెంచరని తెలిసిపోయింది. సబ్జెక్ట్ లైన్‌లో కూడా 'సహకారం కోసం' లాంటివి వద్దు. మా కార్యక్రమం పేరు, మీరు అడిగే స్లాట్, అది ఎన్ని నిమిషాలు, ఈ మూడూ ఉంటే చాలు.

అందరికీ ఒకే ప్రపోజల్ పంపితే కుదరదు, ఇది కాస్త వివరంగా చెప్పాలి. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకు పని గంటలు పోకూడదు, ఎవరికీ దెబ్బ తగలకూడదు, సెషన్ అయ్యాక పైవాళ్లకు చూపించడానికి ఏదో ఒక ఫలితం ఉండాలి. డాక్టర్ల సదస్సుకు రాస్తున్నారా, అయితే ఒక్క అతిశయోక్తి కూడా పనికిరాదు, మీరు చెప్పే ప్రతి మాటకూ ఆధారం అడుగుతారు. కాలేజీవాళ్లకు ఊపు కావాలి, పోటీ ఉండాలి, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేంత వేగం ఉండాలి. పరుగు పోటీ నిర్వహించేవాళ్లకైతే స్టార్టింగ్ లైన్ దగ్గర పది నిమిషాల వార్మప్ చేయించే మనిషి కావాలి, పరుగుకు ముందు ఒకే భంగిమలో ఎక్కువసేపు సాగదీసే స్ట్రెచింగ్ కంటే కదులుతూ చేసే వార్మప్ ఎందుకు మేలో రెండు ముక్కల్లో చెప్పగలగాలి. పెద్దవయసు వాళ్ల కార్యక్రమానికి వెళ్తే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, ఒంటికాలి మీద ఏదైనా పట్టుకుని నిలబడటం, పడిపోకుండా చూసుకోవడం, వీటి చుట్టూ సెషన్ అల్లుకోవాలి. చేసే కోచ్ ఒక్కరే కావచ్చు, రాసే ఉత్తరం మాత్రం ప్రతిసారీ వేరే.

ఇప్పుడు చిన్న స్లాట్ సంగతి. చాలామంది కోచ్‌లు గంటన్నర కంటే తక్కువ ఇస్తే చిన్నతనంగా భావిస్తారు. అలా అనుకోవద్దని నా మనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ స్థాయి వ్యాయామం చేయాలి, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చేవి చేయాలి. అంతకుముందు ఒక్కోసారి కనీసం 10 నిమిషాలైనా ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందని ఉండేది, 2020లో ఆ నియమం తీసేశారు. కాస్త కదిలినా లెక్కే అన్నమాట. అదే సంస్థ 2024లో ఇచ్చిన వివరాల ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో పెద్దవాళ్లలో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, ఆ మాత్రం కూడా కదలడం లేదు. ఈ రెండు విషయాలు మీ ప్రపోజల్‌లో రెండు వాక్యాలుగా రాస్తే ప్రసంగాల మధ్య 10 నిమిషాల విరామం ఎందుకు అవసరమో నాకు, నా పైవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఆ 10 నిమిషాల్లో మా జనం మనసు గెలిస్తే వచ్చే ఏడాది గంట నేనే అడిగి ఇస్తాను. ఇంకో సంగతి, ఒక్క వర్క్‌షాప్‌తో ఎవరి బరువూ తగ్గదు, షుగర్ మాయం కాదు. అలాంటి హామీలు చూస్తే నాకు భయం వేస్తుంది. 'ఇంటికెళ్లాక రోజూ చేసుకోగలిగే నాలుగు కదలికలు నేర్పి పంపిస్తాను' అనండి, అది నమ్ముతాను.

వీడియో పంపేటప్పుడు మ్యూజిక్ పెట్టి కట్ చేసిన రీల్ వద్దు. హాల్లో చివరి వరస వెనక ఫోన్ పెట్టి తీసిన రెండు నిమిషాలు పంపండి, వెలుతురు బాగోకపోయినా పర్వాలేదు. అందులో నేను చూసేది మీ స్క్వాట్ ఎంత లోతుగా ఉందన్నది కాదు. వెనక వరస వాళ్లు చేస్తున్నారా, మధ్యలో ఆగిపోయిన మనిషిని మీరు గమనించారా, గమనించి పేరు పెట్టి పిలవకుండా, నలుగురిలో చిన్నబుచ్చకుండా సులువైన పద్ధతి చూపించారా, ఇదీ నేను చూసేది. గోడకు చేతులు ఆనించి పుషప్ చేయించడం, కుర్చీ మీద కూర్చుని లేవడమే స్క్వాట్ అని చెప్పడం, ఇలాంటివి ఒక్కటి కనిపించినా ఆ కోచ్‌ను నేను పిలుస్తాను.

హాలు గురించి అడగని కోచ్‌లు ఎంత ఇబ్బంది పడతారో కళ్లారా చూశాను. ఒక కార్యక్రమంలో నిర్వాహకులు మామూలు చేతి మైకు ఇచ్చారు. పాపం ఆ కోచ్ ఒక చేత్తో మైకు పట్టుకుని ఇంకో చేత్తోనే భుజాల కదలికలు చూపించింది, ముందు వరసవాళ్లు కూడా ఒక చేత్తోనే చేశారు. తర్వాత ప్లాంక్ చూపించడానికి మైకు కింద పెట్టి నేల మీదకు వంగింది. స్టేజీ లేదు. మూడో వరస నుంచి ఎవరికీ ఏమీ కనపడలేదు, వినపడలేదు, జనం ఫోన్లు తీశారు. ఆమె చెప్పే విషయంలో లోపం లేదు, బాగా చెప్పింది కూడా. కానీ ఆ రోజు జనానికి గుర్తుండిపోయింది ఆ గందరగోళమే.

అందుకే ఒప్పుకునే ముందే అడగండి. హెడ్‌సెట్ మైకు ఉందా, బ్యాటరీలు స్పేర్ ఉన్నాయా, స్టేజీ ఎత్తు ఎంత, నేల జారుతుందా, కార్పెట్టా, కుర్చీలు తీయొచ్చా, తీస్తే ఎవరు తీస్తారు, ఎంతసేపట్లో తీస్తారు. చోటు లెక్క వేసుకోండి. మ్యాట్ దాదాపు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది, కానీ మనిషి చేతులు బారచాపితే దాదాపు తన ఎత్తంత చోటు కావాలి. అంటే ఒక్కొక్కరికి ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. కుర్చీలు వేస్తే మూడు వందల మంది పట్టే హాల్లో మ్యాట్లు వేస్తే వంద మంది కూడా పట్టకపోవచ్చు. ఈ లెక్క నాకంటే ముందు మీరు చెబితే మీరు అనుభవం ఉన్నవాళ్లని వేరే చెప్పక్కర్లేదు. పాటలు పెడతారా? బహిరంగ కార్యక్రమంలో పాటలు వేయడానికి లైసెన్స్ కావాలి, ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి.

భద్రత గురించి మాట్లాడితే ఈవెంట్ పోతుందేమోనని కొందరు కోచ్‌లు ఆ ఊసే ఎత్తరు. నిజానికి మాకు ధైర్యం వచ్చేది అక్కడే. వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాల్సిన అవసరం ఎవరికుందో తెలుసుకోవడానికి పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నాపత్రం ఉంది, దాని మొదటి పేజీలో 7 ప్రశ్నలు ఉంటాయి. గుండె జబ్బు గానీ బీపీ గానీ ఉందని డాక్టర్ చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, ఏడాది లోపల తల తిరిగి తూలడం గానీ స్పృహ తప్పడం గానీ జరిగిందా, మందులు వాడుతున్నారా, ఎముకలు, కీళ్ల సమస్యలున్నాయా, ఇలాంటివి. రిజిస్ట్రేషన్ ఫారంతో పాటు అది పంపమని మీరే అడగండి. ఎంత గట్టిగా చేయాలో జనానికి చెప్పడానికి యంత్రాలు అక్కర్లేదు, 'చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే మధ్యస్థ స్థాయి' అంటే అందరికీ తెలిసిపోతుంది. హాల్లో ఏఈడీ, అంటే గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే పరికరం, ఎక్కడుందో సెషన్ మొదలుకాకముందే చూసుకోండి. మీకు ఇన్సూరెన్స్ ఉంటే ఆ మాట రాయండి. భంగిమ సరిచేయడానికి ఎవరినైనా ముట్టుకోవాలంటే ముందు అడగండి, ఫొటోలు వాడుకోవాలన్నా అడగండి. ఆడవాళ్లు వెనక వరసల్లోకి వెళ్లిపోవడానికి ఈ రెండు భయాలూ పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

ఎప్పుడు రాయాలన్నది కూడా ముఖ్యమే. ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినోత్సవం, జూన్ 21 యోగా దినోత్సవం, సెప్టెంబర్ 29 గుండె దినోత్సవం, అక్టోబర్ 1 వృద్ధుల దినోత్సవం, నవంబర్ 14 మధుమేహ దినోత్సవం. ఈ తేదీలకు వారం ముందు మెయిళ్లు కుప్పలుగా వస్తాయి, అప్పటికి ప్రోగ్రాం ప్రింటు కూడా అయిపోయి ఉంటుంది. కనీసం మూడు నెలల ముందు రాయండి. జవాబు రాకపోతే వారం ఆగి ఒకసారి గుర్తు చేయండి, రోజూ ఫోన్ చేయొద్దు. సెషన్ అయ్యాక ఎంతమంది మొదలుపెట్టారు, చివరివరకు ఎంతమంది ఉన్నారు, మూడు చిన్న ప్రశ్నలకు వాళ్లు ఏమన్నారు, ఇది ఒక పేజీలో రాసి పంపే కోచ్‌లు చాలా తక్కువ. వాళ్ల పేర్లే మేము పక్కవాళ్లకు చెబుతాం.

ఇక నా తోటి నిర్వాహకులకు రెండు మాటలు. లైట్లకు డబ్బిస్తాం, డెకరేషన్‌కు ఇస్తాం, ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ కూడా ఇస్తాం. మూడు వందల మంది ఒంటిని జాగ్రత్తగా కదిలించే మనిషిని మాత్రం 'మీకు పబ్లిసిటీ వస్తుంది కదా' అని ఉచితంగా రమ్మంటాం. ఇది అన్యాయం. ఆ కోచ్ మన కోసం ప్లాన్ రాసుకోవాలి, ప్రయాణం చేయాలి, ఆ రోజు తన క్లాసులు మానుకోవాలి. నిజంగానే డబ్బు లేని కార్యక్రమమైతే ఆ మాట సూటిగా చెప్పి, బదులుగా మంచి వీడియో, సంతకంతో ఒక ప్రశంసా లేఖ, వాళ్లను పిలవగలిగే మరో ఇద్దరు నిర్వాహకుల పరిచయం ఇస్తామని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. కోచ్‌లు కూడా ఫీజు అడగడానికి మొహమాటపడొద్దు. మొదటి మెయిల్‌లోనే రాయండి, అందులో ప్రయాణం కలిసిందో లేదో, కార్యక్రమం రద్దయితే ఎంత ఇవ్వాలో కూడా రాయండి. డబ్బు గురించి ముందే తేలిపోతే సెషన్ రోజు ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

మరో మనవి, తోటి నిర్వాహకులకే. వచ్చిన ప్రతి ప్రపోజల్‌కూ జవాబివ్వండి. కుదరకపోతే కుదరదని, ఎందుకు కుదరదో ఒక్క లైను రాయండి. హాలు చిన్నదనో, స్లాట్ లేదనో, వచ్చే ఏడాది ఫలానా నెలలో రాయమనో. ఇవతలివైపు నుంచి ఆ ఒక్క లైను రాక, తాము ఎక్కడ తగ్గారో తెలియక, అదే పీడీఎఫ్‌ను మళ్లీ మళ్లీ పంపుతున్న కోచ్‌లు చాలామంది ఉన్నారు.

ఇట్లు,
ఒక కార్యక్రమ నిర్వాహకురాలు